కుళాయి వెనక చదువు

ఇంటిలోకి మంచినీటిని ఒత్తిడితో రప్పించడం, వాడిన నీటిని ఏ యంత్రం సాయమూ లేకుండా కేవలం వాటం మీద బయటికి పంపడం, ఈ రెండు నీళ్లూ ఎక్కడా ఎన్నడూ కలవకుండా కాపాడడం అనే మూడు బాధ్యతల్లో ప్లంబర్ వృత్తి మొత్తం ఇమిడి ఉంది. ఈ పనిలో చాలా భాగం గోడలోనూ నేల కిందా పూడ్చిపెట్టేదే కాబట్టి, వడ్రంగం మాదిరిగా దాని మంచిచెడ్డలు చూడగానే తెలియవు. బిగించిన రోజున చక్కగా పారిన గొట్టం మూడేళ్ల తరవాత పక్కింటి గోడకు చెమ్మ పట్టించవచ్చు, ఒక చిన్న తప్పుడు కలయిక ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండి ఒక్క వేసవిలో వీధంతటినీ జబ్బున పడేయవచ్చు. తప్పు జరిగిన సమయానికీ అది బయటపడే సమయానికీ ఇంత ఎడం ఉన్న వృత్తిలో, పనివాడు తన పొరపాట్ల నుంచి తానే నేర్చుకుంటాడనే నమ్మకం చెల్లదు, ఎందుకంటే పొరపాటు బయటపడే నాటికి అతను ఆ ఊళ్లోనే ఉండకపోవచ్చు. అందువల్ల ప్లంబర్‌కు అనుభవంతో పాటు చదువు కావాలి; ఆ చదువు అప్రెంటిస్ దశతో, అంటే పని చేస్తూ నేర్చుకునే తొలి ఏళ్లతో, ముగియకుండా వృత్తిలో ఉన్నంత కాలం సాగాలి.

ఈ చదువులో ఏముంటుందో తెలియాలంటే స్నానాల గదిలోని రెండు మామూలు సంగతులను చూస్తే చాలు. మొదటిది వాటం. మురుగు గొట్టానికి ఇచ్చే ఏటవాలు నాలుగు అంగుళాల గొట్టానికైతే నలభై అడుగులకు ఒక అడుగు, ఆరు అంగుళాల గొట్టానికైతే అరవై అడుగులకు ఒక అడుగు ఉండాలని పాత వాడుక సూత్రం ఒకటి చెబుతుంది. గొట్టంలో మురుగు కనీసం సెకనుకు 60 నుంచి 75 సెంటీమీటర్ల వేగంతో నడిస్తేనే అందులోని ఘనపదార్థం అడుగున పేరుకోకుండా కొట్టుకుపోతుంది కాబట్టి ఆ సూత్రం పుట్టింది. గొట్టం లావయ్యే కొద్దీ తక్కువ వాలుతోనే ఆ వేగం అందుతుంది. లెవెల్ ట్యూబు పట్టుకోవడం వచ్చిన ప్రతి కుర్రవాడికీ వాటం పెట్టడం వస్తుంది గానీ, ఈ కారణం తెలిసినవాడే కొలతలు కుదరని చోట, దూలం అడ్డం వచ్చిన చోట, ఎంత వరకు రాజీ పడవచ్చో నిర్ణయించగలడు.

రెండవది ట్రాప్. నేల మీది నీటిని తీసుకునే నహాని ట్రాప్‌లోనూ, మరుగుదొడ్డి కింది వంపులోనూ ఎప్పుడూ సుమారు 50 మిల్లీమీటర్ల లోతున నీరు నిలిచి ఉంటుంది. మురుగు గొట్టంలోని వాయువులూ పురుగులూ గదిలోకి రాకుండా ఆ నీరే తలుపులా నిలబడుతుంది. లండన్‌లో పనిచేసిన స్కాట్లండ్ గడియారాల నిపుణుడు అలెగ్జాండర్ కమింగ్ 1775లో పేటెంట్ పొందిన మరుగుదొడ్డిలో ఈ వంపు గొట్టమే ప్రధానమైన కొత్తదనం. అయితే పైఅంతస్తు నుంచి నీరు ఒక్కసారిగా దిగినప్పుడు నిలువు గొట్టంలో గాలి పలచబడి కింది ట్రాపులలోని నీటిని లాగేసుకుంటుంది కాబట్టి, గాలి ఆడేందుకు వెంట్ పైపు, అంటే ఇంటి కప్పు మీదికి తెరుచుకునే గొట్టం, ఏర్పాటు చేస్తారు. ఇంటి యజమానికి ఆ గొట్టం దండగ ఖర్చుగా కనిపిస్తుంది. దాన్ని తీసేయమన్నప్పుడు ఎందుకు తీయకూడదో చెప్పగలగడం శిక్షణ పొందిన ప్లంబర్ లక్షణం.

ఈ రెండంగుళాల నీటికి ఎంత విలువ ఉందో 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయంలో ప్రపంచం చూసింది. సార్స్ వ్యాధి అక్కడ 300 మందికి పైగా సోకినప్పుడు జరిగిన విచారణలో, స్నానాల గదుల నేల ట్రాపులు చాలాకాలంగా నీళ్లు పడక ఎండిపోయాయనీ, గాలిని బయటికి తోసే ఫ్యాన్లు నడిచినప్పుడల్లా మురుగు గొట్టంలోని తుంపరలు గదుల్లోకి వచ్చి ఉండవచ్చనీ తేలింది. అంతకు డెబ్బయ్యేళ్ల ముందు, 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న రోజుల్లో, రెండు హోటళ్లలోని లోపభూయిష్టమైన గొట్టాల వల్ల మురుగు తాగునీటిలో కలిసి అమీబిక్ విరేచనాలు వ్యాపించగా సుమారు 1,400 మంది జబ్బుపడ్డారు, 98 మంది చనిపోయారు. ప్లంబింగ్ ప్రజారోగ్యంలో భాగమని చెప్పడం మర్యాదకు అనే మాట కాదని ఈ రెండు ఘటనలు చాలినంతగా రుజువు చేస్తాయి.

తెలుగు పట్టణాలకు ఈ ప్రమాదం మరో రూపంలో దగ్గరగా ఉంది. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే ఊళ్లలో, సరఫరా ఆగిన గంటల్లో వీధి గొట్టం ఖాళీ అయి లోపల పీడనం పడిపోతుంది. అప్పుడు మురుగుకాలువ పక్కనుంచి పోయే గొట్టానికి ఎక్కడ సన్నని పగులున్నా బయటి మురికి లోపలికి చొరబడుతుంది. ఇలా పీడనం పడిపోయినప్పుడు నీళ్లు ప్రయాణించాల్సిన దిశకు ఎదురుగా నడవడాన్ని వెనకప్రవాహం అంటారు. మున్సిపాలిటీ గొట్టానికి నేరుగా మోటారు బిగిస్తే ఈ లాగుడు మరింత పెరుగుతుంది, బకెట్‌లో మునిగిన రబ్బరు గొట్టం సైతం ఆ లాగుడుకు మురికినీటిని వెనక్కు పంపగలదు. నాన్ రిటర్న్ వాల్వు ఎక్కడ పెట్టాలి, కుళాయి మూతికీ తొట్టి అంచుకూ మధ్య ఎంత ఖాళీ వదలాలి, తాగునీటి గొట్టాన్ని మురుగు గొట్టానికి ఎంత దూరంలో, ఏ ఎత్తున వేయాలి అన్నవి ఈ జ్ఞానం నుంచి వచ్చే నియమాలు. మోటారు బిగించమని అడిగే ఇంటివారికి కాదని చెప్పడానికి ధైర్యం ఒక్కటే చాలదు, కారణం కూడా తెలిసి ఉండాలి.

భారతదేశంలో ప్లంబర్లలో ఎక్కువమంది బడిలో కాక మేస్త్రీ వెంట తిరిగి తయారవుతారు. మొదట సామాన్ల సంచి మోయడం, గోడకు గాడి కొట్టడం, తరవాత గొట్టం కొయ్యడం, ఆపైన కీలు అతకడం, చివరికి కొలతలు తీసుకుని సామాను పట్టీ రాయడం అనే వరసలో ఈ నేర్పు చేతికి వస్తుంది. ఈ పద్ధతిని చులకన చేయడం తగదు. రెంచి ఎంత బిగిస్తే కీలు నిలుస్తుందో, ఇంకెంత బిగిస్తే పగులుతుందో ఏ పుస్తకమూ నేర్పలేదు; అది పక్కన నిలబడిన అనుభవజ్ఞుడి చూపు కింద వచ్చే తెలివి. అయితే మేస్త్రీకి తెలిసినదంతా ఎంత నమ్మకంగా శిష్యుడికి అందుతుందో, మేస్త్రీ పొరపాట్లు కూడా అంతే నమ్మకంగా అందుతాయి.

ఈ వారసత్వానికి దేశంలో అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఒడిశాలోని కేంద్రపడా జిల్లా. 1930ల కాలంలో కలకత్తాలోని బ్రిటిష్ సంస్థలలో ఈ ప్రాంతపు యువకులు గొట్టాల పని నేర్చుకున్నారనీ, 1947లో దేశవిభజన తరవాత తూర్పు బెంగాల్‌కు తరలిపోయిన పనివారి స్థానాలను వారే భర్తీ చేశారనీ అక్కడ చెప్పుకుంటారు. అన్న తమ్ముణ్ణీ, మామ మేనల్లుణ్ణీ నగరానికి తీసుకుపోయి పని నేర్పగా, కొన్ని తరాల్లో దేశంలోని ప్రతి మహానగరంలోనూ కేంద్రపడా ప్లంబర్లు కనిపించే స్థితి ఏర్పడింది. బంధుత్వం మీద నడిచిన ఈ నేర్పుకు బడి ఆసరా అవసరమని గుర్తించి ఆ జిల్లాలోని పట్టాముండాయిలో ప్లంబింగ్ కోసమే ప్రత్యేకంగా ప్రభుత్వ సాంకేతిక సంస్థను నెలకొల్పడం గమనించదగిన విషయం: చేతిపని బలంగా ఉన్న చోటనే బడి మొలిచింది.

బడి దారిలో ప్రధానమైనది పారిశ్రామిక శిక్షణ సంస్థ, అందరూ ఐటీఐ అని పిలిచేది. 1950లో మొదలైన వృత్తిశిక్షణ పథకం కింద నడిచే ఈ సంస్థల్లో ప్లంబర్ ట్రేడ్ కాలం ఒక సంవత్సరం. గొట్టాల పనితో పాటు ఫిట్టింగ్, వెల్డింగ్, వడ్రంగం, తాపీ పనులలో ప్రాథమిక పరిచయం కూడా ఇందులో ఉంటుంది, ఎందుకంటే ప్లంబర్ గోడ తవ్వాలి, చెక్క కొయ్యాలి, లోహం అతకాలి. ఆ ఏడాది పూర్తి చేసి జాతీయ స్థాయి పరీక్షలో నెగ్గినవారు అప్రెంటిస్‌గా ఏదైనా సంస్థలో చేరవచ్చు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం, దాని కింద 2019లో సవరించిన నియమాల ప్రకారం, 30 మంది లేదా అంతకు మించి పనివారున్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. వారికి ఇచ్చే నెలసరి భృతిలో నాలుగో వంతును, గరిష్ఠంగా 1,500 రూపాయల వరకు, 2016లో వచ్చిన ప్రోత్సాహక పథకం కింద కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది.

కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. చిక్కల్లా, ప్లంబర్లకు పని ఇచ్చేవారిలో అధికులు ముప్పై మంది సిబ్బంది ఉన్న సంస్థలు కారు. నలుగురు కుర్రవాళ్లతో ఇళ్ల పనులు ఒప్పుకునే చిన్న మేస్త్రీలు. నలుగురు పనివారున్న సంస్థ కూడా ఇష్టపడితే అప్రెంటిస్‌ను తీసుకోవచ్చని నియమాలు అనుమతిస్తున్నా, రిజిస్టర్లూ పోర్టల్ నమోదులూ నడపగల వ్యవధి ఆ మేస్త్రీకి ఉండదు. ఫలితంగా నిజంగా నేర్పే చోటికి చట్టం చేరదు. జర్మనీలో నీటి గొట్టాలు, తాపన, శీతలీకరణ పనులు కలిసిన వృత్తికి మూడున్నరేళ్ల అప్రెంటిస్ శిక్షణ ఉంది. అక్కడ చిన్న దుకాణాలు సైతం శిష్యులను తీసుకోగలగడానికి కారణం, కుర్రవాడి కాలాన్ని దుకాణానికీ వృత్తి పాఠశాలకూ పంచి, కాగితాల భారంలో పెద్ద పాలును వృత్తిదారుల మండళ్లు మోయడమే. మన మేస్త్రీల సంఘాలకు అలాంటి బాధ్యతా, దానికి తగిన నిధులూ అప్పగించే ప్రయత్నం జరగవలసి ఉంది.

పని వచ్చీ కాగితం లేనివారి కోసం, 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పూర్వ నైపుణ్య గుర్తింపు అనే భాగం ఉంది. కొద్ది గంటల పరిచయ పాఠం చెప్పి, పరీక్షించి, ధ్రువపత్రం ఇవ్వడం దీని పద్ధతి. ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి ప్రభుత్వం ముద్ర వేసిన పత్రం మొదటిసారి చేతికందడం చిన్న గౌరవం కాదు. కానీ గుర్తింపు వేరు, శిక్షణ వేరు. ఉన్న నేర్పును కొలిచి చెప్పే పత్రాన్ని కొత్త నేర్పుగా లెక్క వేసుకోవడం వల్ల, అనుభవజ్ఞులకు నిజంగా అవసరమైన చదువు పక్కకు జరిగిపోతోంది.

ఆ అవసరం ఎంతటిదో గొట్టాలను చూస్తే అర్థమవుతుంది. గత తరం ప్లంబర్ నేర్చుకున్నది జీఐ పైపుల పని, అంటే జస్తా పూత పూసిన ఇనుప గొట్టాలకు డై సెట్టుతో మరలు కోసి, జనపనార చుట్టి బిగించే పని. సుమారు పాతికేళ్లుగా వాటి స్థానాన్ని ప్లాస్టిక్ జాతి గొట్టాలు ఆక్రమించాయి. చన్నీటికి వాడే యూపీవీసీ, వేడినీటిని కూడా తట్టుకునే సీపీవీసీ, వేడితో కరిగించి అతికే పీపీఆర్ చూపుకు దగ్గరగా ఉన్నా స్వభావంలో వేరు. సీపీవీసీకి వాడవలసిన ద్రావక సిమెంటు వేరు, యూపీవీసీకి వేరు. ఒకదానికి మరొకటి పూసినా కీలు అప్పటికి అతుక్కున్నట్టే ఉంటుంది, వేడినీరు నడిచాక గానీ దాని గుట్టు తెలియదు. పీపీఆర్ అతికే యంత్రం సుమారు 260 డిగ్రీల వేడి మీద పనిచేస్తుంది. గొట్టాన్ని దానిలో అవసరం కంటే ఎక్కువసేపు ఉంచితే కరిగిన పదార్థం లోపలికి ఉబ్బి దారిని ఇరుకు చేస్తుంది.

వేడికి సాగడం మరొక విషయం. పది మీటర్ల సీపీవీసీ గొట్టంలో నీటి వేడి 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు పెరిగితే ఆ గొట్టం సుమారు రెండున్నర సెంటీమీటర్లు సాగుతుంది. అదే కొలత ఇనుప గొట్టం సాగేది అర సెంటీమీటరే. ఇనుము అలవాటుతో గొట్టాన్ని గోడకు అడుగడుగునా బిర్రుగా బిగించిన మేస్త్రీ, తాను నేర్చుకున్నదాని ప్రకారం శ్రద్ధగానే పనిచేశాడు. సాగడానికి చోటు లేక ఎల్బో దగ్గర పగులు వచ్చినప్పుడు లోపం అతని నిజాయితీలో లేదు, అతనికి ఎవరూ చెప్పని భౌతికశాస్త్రంలో ఉంది. అలాగే ప్లాస్టర్ చేయక ముందు గొట్టాలను పనిచేసే ఒత్తిడికి సుమారు ఒకటిన్నర రెట్లు ఒత్తిడితో పరీక్షించడం మంచి పద్ధతి, అయితే ప్లాస్టిక్ గొట్టాలను ఆ పరీక్షకు నీటితోనే నింపాలి. గాలి నింపితే అందులో అణిగిన శక్తి గొట్టం పగిలిన క్షణంలో ముక్కలను విసిరి ప్రాణం మీదికి తేగలదు.

భవనాలు కూడా మారాయి. ప్రతి పది మీటర్ల ఎత్తుకు నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున పెరుగుతుంది. రెండంతస్తుల ఇంటి మీద ట్యాంకు ఉన్నప్పుడు ఒత్తిడి చాలడం లేదన్నదే సమస్య. హైదరాబాదు కోకాపేటలో లేస్తున్న యాభై అంతస్తుల స్థాయి భవనాల్లో కింది అంతస్తులకు 15 కిలోల ఒత్తిడి చేరగలదన్నది సమస్య. భవనాన్ని మండలాలుగా విడగొట్టి, ఒత్తిడి తగ్గించే వాల్వులు పెట్టి, వాటిని ఏటేటా పరీక్షించే పని ఇప్పుడు ప్లంబర్ మీద పడింది. శుద్ధిచేసిన మురుగునీటిని ఫ్లష్‌లకు తిరిగి వాడే జంట గొట్టాల పద్ధతి వచ్చాక, ఒకే గోడలో రెండు రకాల నీళ్లు పక్కపక్కనే నడుస్తున్నాయి. మరమ్మతుకు వచ్చిన మనిషికి రంగుల గుర్తులు తెలియకపోతే ఒక్క టీ ముక్కతో రెండింటినీ కలిపేయగలడు. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశంలో వ్యాపించిన నిమోనియా నుంచి గుర్తించిన లెజియొనెల్లా బ్యాక్టీరియా, 25 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని నిలవనీటిలో పెరుగుతుందని తెలిశాక, వేడినీటిని 60 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచాలనీ, వాడకం లేని మొండి గొట్టాలను తీసేయాలనీ ఆసుపత్రులూ హోటళ్లూ నేర్చుకున్నాయి. 1970కి ముందు పని నేర్చుకున్న ఏ నిపుణుడి పాఠంలోనూ ఈ సంగతి ఉండే అవకాశమే లేదు.

ఇక ప్రాణరక్షణ. మురుగు తొట్టిలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. కాబట్టి వాసన లేదని దిగినవాడు తిరిగి రాలేకపోవచ్చు, అతన్ని తీయబోయి దిగినవాడికీ అదే గతి పడుతుంది. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను మురుగు కాలువల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో 2014లో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఆదేశించగా, 2023లో మరో తీర్పు దాన్ని 30 లక్షలకు పెంచింది. గొట్టం అడ్డుపడిందని పిలిపించిన ప్లంబర్‌ను ట్యాంకులోకి దిగమనే అలవాటు ఇళ్లలో ఇంకా పోలేదు. దిగను అని చెప్పే హక్కు తనకు చట్టం ఇచ్చిందన్న సంగతి ప్రతి అప్రెంటిస్‌కూ మొదటి వారంలోనే చెప్పాలి. రెంచి పట్టడం ఆ తరవాత నేర్పినా నష్టం లేదు.

అనుభవజ్ఞులకు ఈ కొత్త పాఠాలు ఎవరు చెప్పాలన్న ప్రశ్నకు కొన్ని దేశాలు చట్టంతోనే జవాబు చెప్పాయి. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో జర్నీమన్, అంటే స్వతంత్రంగా పనిచేయగల ప్లంబర్, లైసెన్సు పరీక్షకు ముందు 8,000 గంటల పని అనుభవం చూపాలి; లైసెన్సు వచ్చాక కూడా ఏటా 6 గంటల తరగతులకు హాజరైతేనే అది కొనసాగుతుంది, వాటిలో సగం ఆరోగ్యరక్షణ, ఇంధన పొదుపు, నీటి పొదుపు గురించి ఉండాలి. ఆరు గంటలు ఎక్కువ కాదు. అయినా ఏడాదికొకసారి పని ఆపి, మారిన నియమాలను కూర్చుని వినే అలవాటు వృత్తి మొత్తానికీ అయింది. భారతదేశంలో 2016 నాటి జాతీయ భవన నిర్మాణ సంహిత తొమ్మిదో భాగం గొట్టాల పనులకే కేటాయించినది, కానీ మేస్త్రీ స్థాయి ప్లంబర్ చదివి అర్థం చేసుకోగల తెలుగులో, అతను నిత్యం వాడే మాటలతో, దాన్ని విప్పిచెప్పే పాఠాలు కావాలి. ఆ ఖాళీని ప్రస్తుతం గొట్టాల కంపెనీలు ఊరూరా జరిపే ప్లంబర్ల సమావేశాలు కొంత నింపుతున్నాయి. వాటిలో తమ సరుకును సరిగ్గా అతకడం నిజాయితీగానే నేర్పుతారు. ఏ పనికి ఏ సరుకు తగదో చెప్పడం మాత్రం అమ్మేవారి నుంచి ఆశించదగింది కాదు.

విదేశీ ఉపాధి ఈ లోటును మరింత స్పష్టం చేసింది. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే పనివారిలో ప్లంబర్లూ ఉన్నారు. సౌదీ అరేబియా నైపుణ్య ధ్రువీకరణ పరీక్షను భారతదేశంలో మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో చేర్చిన వృత్తులలో ప్లంబింగ్ ఒకటి. రాత పరీక్షా చేతిపని పరీక్షా నెగ్గినవారికే ఆ వృత్తి పేరు మీద వీసా దొరుకుతుంది. చేతిపనిలో ఆరితేరినవారు సైతం కొలతల పటం చదవలేక రాత పరీక్ష దగ్గర తడబడే ప్రమాదం ఉంది. 1998లో హైదరాబాదులో నెలకొల్పిన జాతీయ నిర్మాణ అకాడమీ, న్యాక్ అని వాడుకలో ఉన్న సంస్థ, ప్లంబింగ్‌తో సహా నిర్మాణ వృత్తుల్లో గ్రామీణ యువతకు శిక్షణ ఇస్తోంది. అలాంటి చోట్ల సాయంత్రపు తరగతులు నలభై ఏళ్ల మేస్త్రీల కోసం కూడా తెరిస్తే పటం చదవడం నేర్పడానికి కొన్ని వారాలు చాలు.

మిగిలిన అడ్డంకి కూలి. తరగతికి వచ్చిన రోజు ప్లంబర్‌కు ఆదాయం ఉండదు, అతని హెల్పర్‌కూ ఉండదు, ఒప్పుకున్న పని ఒక రోజు వెనకబడుతుంది. అందుకే ఉచిత శిక్షణ కూడా అతనికి ఉచితం కాదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1996 చట్టాల ద్వారా నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు వసూలు చేసే ఏర్పాటు వచ్చింది. ఏడాదికి రెండు రోజుల తరగతికి హాజరైన నమోదిత ప్లంబర్‌కు ఆ రెండు రోజుల కూలిని ఆ నిధి నుంచి చెల్లించడం, నీటి కనెక్షన్ పనులకు పురపాలక సంఘాలు ఇచ్చే లైసెన్సు పునరుద్ధరణను ఆ హాజరుతో ముడిపెట్టడం, తరగతిని వర్షాకాలపు మందకొడి రోజుల్లో పెట్టడం కష్టమైన పనులు కావు. మొదటి ఏడాది ఒక రోజు ట్రాపులకూ వెంట్ పైపులకూ, మరో రోజు ప్లాస్టిక్ గొట్టాల కీళ్లకూ ఒత్తిడి పరీక్షకూ కేటాయించి, పాఠం చెప్పే బాధ్యతను ఐటీఐ బోధకుడితో పాటు ఆ ఊళ్లోనే పేరున్న మేస్త్రీకి ఉమ్మడిగా అప్పగిస్తే, వినేవారికి ఇద్దరి మాటా నమ్మదగినదిగా ఉంటుంది.